నాలుగు వందల అడుగుల దగ్గర ఆగిన కథ

ప్రశ్న: మాది దేవరకొండ దిక్కు పల్లె. అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇప్పటికి ఏడు కథలు రాశాను, రెండు అచ్చయ్యాయి. ఏడాదిన్నర నుంచి ఒక్కటీ పూర్తి కాలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది బోరు కథ. బత్తాయి తోట ఎండిపోతుంటే తండ్రి నాలుగో బోరు వేయిస్తాడు. పెళ్లయిన బిడ్డ ఆ రోజే తల్లిగారింటికి వస్తుంది. బోరు నాలుగు వందల అడుగులకు పోయిందాకా రాసి ఆగిపోయాను. నీళ్లు పడ్డయంటే సినిమా అయితది, పడలేదంటే అందరు రాసిందే అయితది. అసలు మా దిక్కు కరువు, ఫ్లోరైడ్, వలస అన్నీ రాసేసిన్రు, నాకేం మిగిలింది అనిపిస్తది. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుంటే మొదటి పేజీ దిద్దుకునే సరికే గంట అయిపోతుంది. ఊళ్లోవాళ్లు తమ గురించే రాసిన అనుకుంటరేమో అన్న భయం కూడా ఉంది. స్ఫూర్తి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: ఎండుతున్న తోట, నాలుగో బోరు, అదే రోజు గడపలో అడుగుపెట్టిన బిడ్డ. ఈ మూడింటినీ ఒక్కచోటికి తెచ్చిన మీకు స్ఫూర్తి కరువైందంటే నమ్మలేం. కథ నడుమ ఆగిపోయిందంటే ఆ ఆగిన చోట రాసేవాళ్లకు తెలియనిది ఏదో ఉన్నట్టు లెక్క. అది పని గురించి కావచ్చు: బోరు బండి దగ్గర ఎవరు ఎక్కడ నిలబడతారు, పైసలు ఎప్పుడు చేతులు మారతాయి అన్నది. మనిషి గురించి కావచ్చు: ఆ బిడ్డ సరిగ్గా ఆ రోజే ఎందుకు వచ్చింది అన్నది. లేదా ఈ కథ ఎవరు చెబుతున్నారన్నది ఇంకా తేలకపోయి ఉండవచ్చు. మీ ఉత్తరం చూస్తే మూడూ కలిసి కూర్చున్నట్టున్నాయి. అందుకే ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే ఉంది.

ముందు పని సంగతి. మీ దిక్కు బోరు వేయడం ఎట్లుంటుందో ఊళ్లో అందరికీ తెలుసు గనుక మీకూ తెలుసనే అనుకుంటారు. కానీ చూడటం వేరు, రాయగలిగేంత తెలియడం వేరు. బోరు బండి అంటే మామూలుగా రెండు లారీలు. ఒకదాని మీద రిగ్గు, రెండోదాని మీద రాడ్లు, కేసింగ్ పైపులు, డీజిల్. పై మట్టి, మెత్తటి పొర దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దించుతారు. కేసింగ్ రేటు వేరు, డ్రిల్లింగ్ రేటు వేరు. డ్రిల్లింగ్‌కు అడుగుకు ఇంత అని మొదలై, లోతు పెరిగేకొద్దీ రేటు మెట్లు మెట్లుగా పైకి పోతుంది. రాడ్డు సాధారణంగా ఇరవై అడుగులు ఉంటుంది. రాయి పొడి తెల్లగా, బూడిదగా లేచి పక్కనున్న బత్తాయి ఆకుల మీద పేరుకుంటుంది. తడి తగిలితే ఆ దుమ్ము అణిగి ముద్దముద్దగా వస్తుంది. గ్యాప్, అంటే రాయిలో నీళ్లున్న పగులు, దొరికితే బురద నీళ్లు ఎగజిమ్ముతాయి.

ఇందులో మీ కథకు కావాల్సినవి రెండున్నాయి. మొదటిది లెక్క. నాలుగు వందల అడుగులంటే ఇరవై రాడ్లు. ప్రతి రాడ్డు దిగినప్పుడూ "ఇంకోటి ఎయ్యాల్నా?" అన్న ప్రశ్న లేస్తుంది. దానికి ఎవరో ఒకరు ఔననో కాదనో అనాలి. రెండోది రాయి తీరు. దక్షిణ తెలంగాణలో ఎక్కువ భాగం గట్టి గ్రానైటు నేల. నీళ్లుండేది పైనున్న శిథిలమైన పొరలోనూ, దాని కింద రాయి పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అంటే ఆ తండ్రి అడుగు అడుగుకూ ఎక్కువ పైసలు పెట్టి తక్కువ ఆశను కొంటున్నాడు. ఇది తెలిశాక నీళ్లు పడతాయా పడవా అన్నది మీ కథకు అసలు ప్రశ్నగా మిగలదు. ఆపుమని ఎవరంటారు? అన్నవాళ్లను మిగతావాళ్లు తర్వాత ఎట్ల చూస్తారు? మీరు ఇరుక్కున్నది నీళ్ల దగ్గర అనుకుంటున్నారు, నిజానికి ఈ నిర్ణయం దగ్గర ఇరుక్కున్నారు.

బోరు వేయించినవాళ్లను ఇద్దరిని అడగండి. "ఎంత కష్టమైంది?" అని అడిగితే కష్టం గురించి అందరూ చెప్పే మాటలే చెబుతారు. "రాడ్లు ఎవరు లెక్క పెట్టిండ్రు? అడ్వాన్సు ఎంత? నీళ్ల జాగ ఎవరు చూపెట్టిండ్రు, కొబ్బరికాయతోనా, వేపపుల్లతోనా? బండి మీది పిల్లలకు ఆ రాత్రి అన్నం ఎవరు వండిండ్రు?" అని అడగండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు పెట్టిన వాల్టా చట్టం 2002లో వచ్చింది, దాని ప్రకారం బోరుకు అనుమతి కావాలి. మీ కథలో ఆ కాగితం ఉందా, లేక బండి రాత్రిపూట చప్పుడు లేకుండా వచ్చిందా? అది తేల్చుకుంటే సగం దృశ్యం దానంతటదే నిలబడుతుంది. చిన్న వస్తువు ఒకటి దొరికితే కథ ఎట్ల కదులుతుందో చూడండి:

నాయిన రాడ్డుకొక గులకరాయి పెడుతున్నడు. "ఇరవై ఒకటి" అన్నడు రిగ్గు మీది పిల్లగాడు హిందీల. నాయిన ముంగట ఇరవయ్యే ఉన్నయి. మల్లొకసారి లెక్కబెట్టిండు. ఇరవయ్యే. "దొంగలెక్క" అని లేసిండు. బండి బందయింది. అప్పుడు సూసిన, నా కొడుకు గుప్పిట్ల ఒక రాయి.

ఇందులో నీళ్లు పడలేదు, ఎండలేదు. కానీ బండి ఆగింది. ఆ చప్పుడు ఆగిన పది నిమిషాల్లోనే ఆ బిడ్డ మాట్లాడగలదు. గుప్పిట విప్పి చూపిస్తే పరాయి పిల్లగాడు దొంగలెక్క నింద నుంచి బయటపడతాడు, నాయిన పరువు పోతుంది, ఇంకో రాడ్డు పైసలు కట్టాల్సి వస్తుంది. చూపించకపోతే? ఇక్కడి నుంచి మీరు రాయగలరు. ఈ గులకరాయి మాత్రం వాడకండి, మీకు మీ వస్తువు ఒకటి దొరుకుతుంది.

ఇక మనిషి సంగతి. బిడ్డ ఆ రోజే ఎందుకొచ్చింది? కాగితం మీద ఆరు కారణాలు రాయండి. మొదటి మూడూ కొట్టేయండి, ఎందుకంటే మొదట తట్టేవి మనం చదివిన కథల్లోంచి, చూసిన సీరియళ్లలోంచి వస్తాయి. భర్త కొట్టాడు, అత్త తరిమింది, కట్నం బాకీ. ఇవి నిజాలే, కానీ ఈ కథలో తేలికగా దొరికిన నిజాలు. నాలుగోదో ఐదోదో పనికొస్తుంది. ఉదాహరణకు, బోరు కోసం నాయిన కుదువబెట్టింది తన దగ్గర దాచమని చెల్లెలు ఇచ్చిన బంగారం అని ఆమెకు ఒక్కదానికే తెలుసనుకోండి. లేదా ఆమె ఏమీ అడగడానికి రాలేదు, అసలు బోరు వేస్తున్నట్టే తెలియదు, చుట్టపుచూపుగా వచ్చి బండిని చూసింది అనుకోండి. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆ మొక్కలు నాటినప్పుడు ఆమె వయసెంతో, మొదటి కాపు పైసలు ఏ పనికి పోయాయో లెక్కేసుకోండి. ఈ లెక్కలన్నీ కథలోకి రానక్కర్లేదు. మీకు తెలిసి ఉంటే చాలు, ఆమె మాటలో బిగువు వస్తుంది.

ఎవరు చెప్పాలన్నది ఆలోచించి తేల్చుకునే పని కాదు, రాసి తేల్చుకోవాలి. అదే దృశ్యాన్ని మూడు పూటలు, పూటకు ఇరవై నిమిషాలు రాయండి. ఒకసారి తండ్రి, ఒకసారి బిడ్డ, ఒకసారి ఎక్కడో ఒడిశా నుంచి వచ్చిన రిగ్గు పిల్లగాడు. ఏ పూట కలం ఆగకుండా పోయిందో అదే మీ గొంతు. చాలాసార్లు ఇక్కడే బండారం బయటపడుతుంది. తండ్రి వైపు నుంచి రాయాలని పట్టుబట్టి కూర్చుంటాం, మనకు నిజంగా తెలిసింది బిడ్డ.

యాస గురించి ఒక మాట. మీ ఉత్తరమే చూడండి. మనసులో మాట రాగానే "అయితది, రాసేసిన్రు" అని వచ్చింది, మిగతాదంతా పుస్తక భాష. కథలో కూడా ఇదే జరుగుతుంటే, ప్రతి వాక్యాన్నీ లోపల ఒకసారి మార్చుకుని బయటపెడుతున్నారన్నమాట. అలసట సగం అక్కడిదే. ఒక పని చేయండి. కథను మీ చెల్లెకో వదినకో చెబుతున్నట్టు ఫోన్ రికార్డర్‌లో పదిహేను నిమిషాలు చెప్పి, తర్వాత విని రాసుకోండి. వాయిస్ టైపింగ్ మీద ఆధారపడకండి, "వొచ్చిండు", "జేసినం" లాంటివి అది సరిగా పట్టదు, తనకు తోచిన మాట పెడుతుంది. రికార్డింగ్ ఒక్కసారే చేయండి. ఒకే కథను నలుగురికి పూసగుచ్చినట్టు చెప్పేస్తే, చెప్పిన తృప్తి అక్కడే తీరిపోయి కాగితం దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఉండదు.

"అందరు రాసేసిన్రు" అన్నారు. ఒకప్పుడు తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక వేసి జవాబిచ్చారు. అప్పుడు ఎవరూ లేరన్నది ఫిర్యాదు, ఇప్పుడు అందరూ ఉన్నారన్నది ఫిర్యాదు! అందరూ రాసింది ఫ్లోరైడ్ అనే పెద్ద మాటను. దాని లోపలికి పోతే చాలా ఖాళీ ఉంది. వెన్ను, మెడ బిగుసుకుపోయిన మనిషిని వెనక నుంచి పిలిస్తే తల ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. అట్లాంటి మనిషి పెళ్లిపందిట్లో ముందు వరసలో కూర్చున్నాడనుకోండి, వెనక నుంచి ఎవరో పాత పేరుతో పిలిచారనుకోండి. ఆ తిరగడానికి పట్టే సమయమంత కథ అది. పాలమూరు వలస కూడా అంతే. ముంబయి బస్సు ఎక్కడం చాలామంది రాశారు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఏ ఖర్చుకు పోయింది, పని పూర్తి కాకముందే మనిషి జబ్బుపడితే ఆ బాకీ ఎవరి పేరు మీదికి మారుతుంది అన్నవి తక్కువ. మీకు ఒక నియమం పెట్టుకోండి. ఈ కథ మొదటి ప్రతిలో కరువు, కష్టం, కన్నీళ్లు, బతుకు అన్న నాలుగు మాటలూ రాకూడదు. వాటి చోట వేరే ఏదో రాయక తప్పదు, ఆ ఏదో బాగుంటుంది.

నిజానికి బోరు కన్నా దగ్గరి సరుకు మీ సెంటర్‌లోనే ఉంది. ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచి నడుస్తోంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తారు. అక్కడే కూర్చుని తినాలన్నది ఉద్దేశం. ఒక తల్లి అన్నం తిని, గుడ్డు మాత్రం కొంగుకు కట్టుకుంటుంది, ఇంట్లో పెద్దపిల్ల ఉందని. టీచరు చూసింది. చూసినట్టు ఉండాలా, చూడనట్టు ఉండాలా? పిల్లల జబ్బ కొలిచే టేపు మీద 11.5 సెంటీమీటర్ల కింద ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. పక్కింటి కోడలు బిడ్డ ఆ ఎరుపులో పడితే, రిజిస్టర్‌లో రాస్తే ఆమెకు అత్తింట్లో మాట పడుతుంది, రాయకపోతే బిడ్డకు అందాల్సింది అందదు. ఇవి మీకు రోజూ కళ్ల ముందు జరుగుతుంటాయి గనుక కథలుగా కనిపించవు. బయటి నుంచి వచ్చే రచయితకు ఆ టేపు కూడా తెలియదు.

వీటిని పట్టుకోవడానికి జేబులో పట్టే చిన్న నోటుబుక్కు చాలు. రోజుకు నాలుగైదు పంక్తులకు మించొద్దు. చెవిన పడ్డ ఒక మాట అన్నది అన్నట్టుగా, ఒక వస్తువూ దాని ధరా, చేత్తో చేసే పని ఒకటి, జవాబు దొరకని ప్రశ్న ఒకటి. అభిప్రాయాలు రాయకండి. "పాపం చాలా బాధపడింది" అని రాస్తే నెల తర్వాత చదివితే ఏమీ గుర్తురాదు. "చీపురు ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడ్చింది" అని రాస్తే అంతా గుర్తొస్తుంది. నోటుబుక్కు మరీ ఎండిపోయినట్టుంటే ఒక సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు ఇచ్చుకునే ప్రజావాణి జరిగే చోట గంటసేపు బల్ల మీద కూర్చోండి. లేదంటే ఇంట్లో పాత పెళ్లిలో కట్నాలు రాసిన నోటుబుక్కు వెతకండి. పేరు, ఊరు, 116, 516. ఎవరు ఎంత రాయించారు, ఆ ఇంటికి మళ్లీ మనవాళ్లు ఎంత రాయించారు అని పక్కపక్కన పెడితే పాత తగాదాలు వాటంతటవే లేస్తాయి.

కూర్చునే పద్ధతి కూడా మార్చాలి. రోజంతా పిల్లలతో గడిపి, రాత్రి ఇల్లు సర్దుకుని గంట రాయాలనుకోవడం ఎవరికైనా భారమే. ఇరవై నిమిషాలకు తగ్గించండి, వీలైతే పొద్దున పొయ్యి ముట్టించకముందు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది పది పంక్తులు. పొడవు నోటుబుక్కులో ఒక పేజీకి సుమారు నూటయాభై మాటలు పడతాయనుకుంటే పదిహేను వందల మాటల కథకు పది పేజీలు. రోజుకు సగం పేజీ అయినా నెలలో మొదటి ప్రతి చేతికొస్తుంది. మొదటి పేజీని మాత్రం ఇవాళే మడిచి పిన్ను కొట్టేయండి. రోజూ మొదటి నుంచి చదువుకుంటూ వస్తే ఆ పేజీ నున్నగా అవుతుంది, దాని ముందు కొత్తగా రాసే ప్రతి వాక్యమూ మొరటుగా కనిపించి చెయ్యి ఆగిపోతుంది. పైగా కథ పూర్తయ్యాక ఎక్కువసార్లు ఎగిరిపోయేది ఆ మొదటి పేజీయే. నిన్నటి చివరి పేరా ఒక్కటి చదివి మొదలుపెట్టండి. ఏదైనా తెలియకపోతే, అంటే కేసింగ్ రేటో మందు పేరో, అక్కడ గీత గీసి ముందుకు పోండి. ఫోన్ తీసి వెతికితే ఇరవై నిమిషాలూ దానికే పోతాయి. లేచే ముందు తర్వాతి వాక్యం తెలిసి ఉండగానే ఆపండి. అదేమిటో పక్కన రెండు మాటల్లో రాసిపెట్టుకోండి. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా రాసి లేస్తే మర్నాడు మళ్లీ అడుగు నుంచి తోడాలి.

ముగింపు ఇప్పుడు తేలనక్కర్లేదు. నిర్ణయం ఎవరిదో తేలిన తర్వాత నీళ్లు పడ్డా కథ సినిమా కాదు, పడకపోయినా పాతది కాదు. ఒక హెచ్చరిక: ఫలితం చెప్పకుండా బండి చప్పుడు మధ్యలో ఆపేసే ముగింపు ఇప్పుడు చాలా వాడుకలో ఉంది. మనుషుల మధ్య సంగతి తేలి ఉంటే అది చెల్లుతుంది. తేలకుండా ఆపితే రచయితకు తెలియక ఆపిందని చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఊరి భయం ఉత్తది కాదు. పేరు మార్చినంత మాత్రాన ఎవరూ మోసపోరు. వయసు, చేసే పని, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది, జరిగిన దాని ఫలితం, వీటిలో కనీసం మూడు మార్చండి. ఇద్దరు మనుషుల సంగతి ఒకరిలో కలపండి. మీ సెంటర్‌కు వచ్చే తల్లుల విషయంలో ఇంకా జాగ్రత్త. రిజిస్టర్‌లో మీరు చూసినవి ఉద్యోగంగా చూసినవి, వాటిని ఉన్నవున్నట్టు ఎక్కించొద్దు. కానీ మొదటి ప్రతి రాసేటప్పుడు ఇదేదీ తలకెక్కించుకోకండి. ఉన్న పేర్లతోనే రాసేయండి, మార్పులు రెండో ప్రతిలో. అందాకా ఆ నోటుబుక్కు ఇంట్లో ఎవరి చేతికీ దొరకకుండా చూసుకోవడం మీ పని.

రాయడం ఒక్కటే కాకుండా రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, మునుపు ఇష్టమైన పనుల మీద మనసు కూడా పోతే అది కథల సంగతి కాదు. డాక్టర్‌ను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం.

మొదటి ప్రతి అయ్యాక పక్షం రోజులు దాన్ని ముట్టకండి. ఈలోపు టేపు కథో గుడ్డు కథో మొదలుపెట్టండి. తర్వాత దిద్ది, పత్రికకు పంపే ముందు బోరు వేయించిన మనిషికి ఒకరికి చదివి వినిపించండి. "ఎట్లున్నది?" అని అడగొద్దు, మొగమాటానికి బాగుందంటారు. "ఏడ తప్పు రాసిన?" అని అడగండి. రాడ్డు అట్ల విప్పరు బిడ్డా అని ఆయన అంటే ఆ వాక్యం దిద్దుకుంటే సరిపోతుంది. ఆ నాయిన అట్ల అనడు అంటే మాత్రం మళ్లీ ఆరు కారణాల కాగితం తీయండి.